అజాన్ లోపు చివరి ఇల్లు

"ఈ రూట్ గీసిన మహానుభావుడెవరు?"

ఉపవాసం ఉన్నవాళ్ల ఇళ్లకి ఉచితంగా ఇఫ్తార్ భోజనాలు పంపే వంటశాల గుమ్మంలో వ్యాన్ తాళాలు ఆడిస్తూ నిలబడింది యుస్రా. రంజాన్ మొదలైన రోజు నుంచి ఆమెను దూరం నుంచే చూసి మురిసిపోతున్న హాజిమ్‌కి గొంతు తడారిపోయింది. ఉపవాసం వల్ల మాత్రం కాదు.

"నేనే. యూనివర్సిటీలో గ్రాఫ్ థియరీ చెబుతాను. ఇళ్లు చుక్కలు, వీధులు గీతలు. అన్ని చుక్కలూ తిరిగొచ్చే అతి తక్కువ దూరం అదే."

"నిన్న చివరి ఇళ్లకి ఉపవాసం విడిచే అజాన్ అయ్యాక చేరింది భోజనం. పాపం ఒక తాతగారు మంచినీళ్లు తాగి కూర్చున్నారు మాస్టారూ!"

హాజిమ్‌కి తల కొట్టేసినట్టయింది. వంటశాల నడిపే హజ్జా నగ్వా గరిటె తిప్పుతూనే, "ఇవాళా ఆలస్యమైతే నీ మ్యాపు పొయ్యిలోకే నాయనా" అని తేల్చేసింది. మ్యాపు పోతే యుస్రాని చూడ్డానికి వంక కూడా పోతుంది. వెళ్లి వ్యాన్‌లో ఆమె పక్కన కూర్చున్నాడు.

సముద్రం రోడ్డెక్కారో లేదో ఒకాయన వ్యాన్‌కి అడ్డంగా నిలబడి ఖర్జూరాల పొట్లం లోపలికి తోశాడు. "తీసుకో తల్లీ, దారిలోనే పొద్దుగూకుతుంది!" నాలుగడుగులకి చింతపండు షర్బత్. ఆ పైన మళ్లీ ఖర్జూరాలు. వద్దంటే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

"ఈ వేళకి ఇక్కడ రోజూ ఇదే వరస. అసలు మీరు అలెగ్జాండ్రియాలోనే పుట్టారా?"

"పుట్టాను. ఈ వేళకి నిద్రపోతుంటాను."

యుస్రా పకపకా నవ్వింది. హాజిమ్ లాప్‌టాప్ తెరిచాడు. "నేను మీటర్లు లెక్కేశాను. వెయ్యాల్సింది నిమిషాలు! ఎక్కడెక్కడ ఆపుతారో చెప్పండి."

ఆమె చెబుతుంటే అతను గీతలు మార్చాడు. "ట్రాము పట్టాల వెనక సందుల్లోంచి పోనివ్వండి. దూరం ఎక్కువే, కానీ..."

"కానీ అక్కడ ప్రేమతో అడ్డుపడేవాళ్లు లేరు!" అంటూ స్టీరింగ్ తిప్పేసింది.

చివరి ఇంట్లో తాతగారు భోజనం డబ్బా మూత తీస్తుండగా అజాన్ వినిపించింది. హాజిమ్‌కి కళ్లు చెమర్చాయి. వ్యాన్‌లోకొచ్చి ఇద్దరూ ఖర్జూరాలు నోట్లో వేసుకున్నారు.

"ఇంకో చుక్క మిగిలిందేంటి?" యుస్రా స్క్రీన్ మీదికి వంగింది. "ఇది మా ఇల్లు! భోజనం మేమడగలేదే?"

"అడ్రస్ హజ్జా ఇచ్చింది. భోజనానికి కాదు. మా అమ్మ మీ నాన్నగారితో మాట్లాడాలంటోంది." అతను ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే నాకిష్టం యుస్రా. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను."

ఆమె వ్యాన్ స్టార్ట్ చేసింది. మలుపు దగ్గర వంటశాల వైపు కాకుండా తన ఇంటి వైపు తిప్పింది.

"అత్తయ్యకి ఫోన్ చెయ్యి. వస్తూ వస్తూ కునాఫా మిఠాయి తెమ్మను. ఉత్త చేతులతో వస్తే మా నాన్న పిల్లనివ్వడు."