చెల్లుబాటులో ఉన్న టికెట్

పేరు తీసేశాక తీసేసినట్టే కదా, మరి ఆ ఆకుపచ్చ గీత ఎందుకింకా ముందుకు జరుగుతోంది? ఏజెంట్ హంస కీబోర్డు మీంచి చేతులు తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఏసీ మెకానిక్ వేషానికి వేసుకున్న నీలం చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సర్వర్ రూము చలికి పళ్ళు టకటకలాడాలి. అతనికి చెమట పడుతోంది.

పొద్దున బ్రీఫింగులో చీఫ్ నసగకుండా చెప్పాడు. రిటైరైన గుమాస్తా ఒకాయన ఖాతాతో విదేశీ ముఠా లోపలికి దూరింది. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్ళ అసలు పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి. చివరి ముక్క దాకా కాపీ అయితే గాని అది తెరుచుకోదు. తెరుచుకుంటే వాళ్ళలో ఒక్కరూ బతకరు. సర్వర్ని మాత్రం ఆపడానికి వీల్లేదు, ఇవాళ సరిహద్దు దాటుతున్న మనిషికి దారి చెప్తున్నది అదే.

హంస డైరెక్టరీ తెరిచాడు, గుమాస్తా పేరు పట్టుకున్నాడు, ఖాతాని డిసేబుల్ చేశాడు. అంతటితో పని అయిపోవాలి.

"అయిపోయినట్టేనా?" పక్క కుర్చీలోంచి నెమలి అడిగింది. ముఠాలో మన తరఫున ఉంటున్న డబుల్ ఏజెంట్. కన్సల్టెంట్ వేషంలో ఉన్నా చెవులకి ముత్యాలు, మొహాన ఆ తీరిక. ఆమె లాప్‌టాప్ మీద వాతావరణం పేజీ కనబడుతోంది.

"ఆ," అన్నాడు. కాపీ ఎంతయిందో చూపించే ఆ గీత ఇంకొంచెం జరిగింది.

ఎక్కడో తేడా కొట్టింది. ఏమిటది? ఈ కంప్యూటర్ల పనిలో పడ్డ కొత్తలో పాఠం చెప్పమని అక్క ఇంటికి వెళ్ళాడు. నెట్‌వర్క్ ఇంజనీరు ఆవిడ. ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. డైరెక్టరీ అంటే ఎవరెవరున్నారో రాసిపెట్టుకున్న చోటు. ఎల్‌డాప్ అంటే ఆ చోటుని ప్రశ్న అడిగే పద్ధతి. నువ్వు నువ్వేనని తేల్చి టికెట్ చేతిలో పెట్టేది కెర్బరోస్. ఇవన్నీ ఒకటే కదా అని అతనంటే, తువ్వాలు మొహాన విసిరింది.

"ఒరేయ్, బస్సెక్కేటప్పుడు నీ పేరు అడిగేది కౌంటర్లో. కండక్టర్ చూసేది టికెట్టే. ఎక్కాక కౌంటర్లో నీ పేరు కొట్టేసినా వాడు నిన్ను దించడు. టికెట్ గడువు తీరేదాకా ప్రయాణమే."

హంస కాళ్ళు ఆడించడం ఆపేశాడు. తను కొట్టేసింది కౌంటర్లో పేరు. ఫైల్ సర్వర్ మళ్ళీ వెనక్కెళ్ళి డైరెక్టరీని అడగదు. టికెట్ ఇంకా ఎవరి దగ్గరో ఉంది. డైరెక్టరీలో కాదు, దాన్ని తీసుకున్న మెషీన్లోనే.

ఈ గదిలోంచి పోయే తీగలు తప్ప మిగతావన్నీ పొద్దున్నే పీకేశారు. ఇక్కడున్నవి రెండు లాప్‌టాప్‌లు, తనదీ నెమలిదీ.

తల ఎత్తకుండా, కేబుళ్ళన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ వైపు చూశాడు. తన కేబుల్ దగ్గర దీపం నిద్రమత్తులో ఉన్నట్టు ఎప్పుడో ఒకసారి మినుకుమంటోంది. దాని పక్కది ఊపిరి తిప్పుకోకుండా కొట్టుకుంటోంది. వాతావరణం పేజీకి అంత ఆయాసం దేనికి?

కాకపోవచ్చు. తను పొరబడుతున్నాడేమో. మొదటిసారి కలిసినప్పుడు గుర్తు మాటగా "వాన వెలిసిందా?" అని తను అడగడం, "గొడుగింకా ఆరలేదు" అని ఆమె అనడం గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఇంకెప్పుడూ అడగలేదు. రెండుసార్లు ప్రాణం కాపాడింది. అలాంటి మనిషిని మళ్ళీ నువ్వెవరని అడగడం ఎంత సిగ్గు. ఆ సిగ్గు మీదే ఆమె ఇన్నాళ్ళూ ప్రయాణం చేసిందా?

గీత చివరంచు తాకబోతోంది.

"వాన వెలిసిందా?" అన్నాడు.

నెమలి నవ్వింది. "ఇప్పుడెందుకు అదంతా?"

ఆమె చెయ్యి మెల్లిగా లాప్‌టాప్ మూత మీదికి వచ్చింది, దాచుకుంటున్నట్టు.

"ఏం లేదు. నీ టికెట్ ఇంకా చెల్లుతుంది, ఉంచుకో," అన్నాడు హంస. "బస్సే కదలదు."

స్విచ్‌లో ఆమె కేబుల్ క్లిప్పు నొక్కి, బయటికి లాగేశాడు.