రెండో స్క్రీనర్

“రెండు విమానాలు కూలాయి,” అన్నాడు పెదనాన్న. “రెండూ కూలే ముందు చక్కగా ఫొటో దిగాయి.”

పెదనాన్న ఎవరికీ పెదనాన్న కాడు. ఆ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో చుట్టరికాలే కోడ్‌నేమ్‌లు. చీఫ్ పెదనాన్న. టెక్నికల్ వింగ్‌లో ఉండేవాడు బావ. కిందటి నెల దాకా ‘చెల్లాయి’గా ఉన్న ఏజెంట్‌కు పెళ్ళయి పదకొండు రోజులైంది కాబట్టి, ఫైల్లో ఆ పేరు కొట్టేసి ‘కోడలు’ అని రాశారు. అది చూసి ఆమె చాలాసేపు నవ్వుకుంది. ఈ మధ్య ఆమెకు ప్రతిదానికీ నవ్వే వస్తోంది. పొద్దున్నే కప్పులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసినా సరే.

“ఇంటర్నెట్‌లో విమానాల ఫొటో గ్యాలరీ ఒకటుంది,” అన్నాడు పెదనాన్న. “ఒక విదేశీ ముఠా దాన్ని పోస్టాఫీసులా వాడుకుంటోంది. ఏ విమానం ఫొటో పెడితే దానికి మూడినట్టే. ఫోన్ లేదు, మెయిల్ లేదు. మనం చెవి పెట్టి వినడానికేం లేదు.”

“అకౌంట్ ఏదో తెలీదా?”

“అదే కావాలి. రోజుకు రెండు వేల ఫొటోలొస్తాయి, ఒకే విమానాన్ని పదిమంది పెడతారు. బావ ఆ గ్యాలరీ ఆఫీసులోనే తిష్ఠ వేశాడు. ఫలానా అకౌంట్ అని చూపిస్తే నిమిషంలో అడ్రసు లాగుతాడు. ఇప్పుడు ఆ ముఠాకి ఫొటోలు దిద్దిపెట్టే ఎడిటర్ కనబడ్డం మానేశాడట, కొత్తవాళ్ళని వెతుకుతున్నారు. సెంటు మేడం కబురు పంపింది.”

సెంటు మేడం డబుల్ ఏజెంట్. ఆమె వచ్చే అర నిమిషం ముందే ఆమె సెంటు వస్తుంది. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకుంటుంది, రెండు పక్షాలకూ ఆలస్యంగానే వస్తుంది.

“ఈ పనికి నేనే ఎందుకండీ?”

“మీ ఆయన ఆ గ్యాలరీలో స్క్రీనర్ కదమ్మా. ఆ విద్య నీకు కొంచెమైనా అంటి ఉంటుంది.”

కొంచెమా? వచ్చిన ఫొటోలను జల్లెడ పట్టి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చే వాలంటీర్ ఆమె భర్త. పెళ్ళయిన మూడోరోజు పార్కు బెంచీ మీద కూర్చుని, హొరైజన్ అర డిగ్రీ ఒరిగితే ఎంత ఘోరమో రెండు గంటలు చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని చెవులు ఎర్రబడటాన్ని చూస్తూ ఆమె మొత్తం విన్నది.

“ఆయనకి చెప్పొచ్చా?”

“నువ్వు ఇన్సూరెన్స్ కంపెనీలో ఉన్నావనుకుంటున్నాడుగా. అలాగే అనుకోనీ.”

ఫొటోలు దిద్దడానికి స్క్రీన్ మీద గీసే పెన్ను, బావ పంపిన స్టైలస్‌ను పెదనాన్న ఆమె చేతికిచ్చాడు. దాని మీట రెండుసార్లు నొక్కితే స్క్రీన్ మీద ఉన్నదంతా బావకు చేరుతుంది.

మర్నాడు మధ్యాహ్నం లావుపాటి కళ్ళద్దాలు, రంగు వెలిసిన హ్యాండ్‌బ్యాగుతో ఆమె ఒక ఫొటోల్యాబ్ కౌంటర్ ముందు నిలబడింది.

“పాత నెగటివ్‌లు కడుగుతారా?”

“మబ్బు లేని రోజైతే కడుగుతాం,” అన్నాడు కౌంటర్ మనిషి. కోడ్ సరిపోయింది.

వెనకనున్న వ్యాన్ ఎక్కగానే కళ్ళకు గంతలు కట్టారు. మలుపులు లెక్కపెట్టింది. పదిహేడో స్పీడ్‌బ్రేకర్ దగ్గర లెక్క తప్పింది. గంతలు విప్పేసరికి ఆమె ఒక గదిలో ఉంది. కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి సిమెంటు పూశారు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఇనుప తలుపుకు లోపలివైపు పిడి లేదు. టేబుల్ మీద ఒకే మానిటర్, వెలుతురు పడకుండా దాని చుట్టూ నల్ల చార్టుతో గొడుగు. ఎక్కడో గోడ అవతల ఏదో మెషీన్ ఆగకుండా కాగితాలు మింగుతున్న చప్పుడు.

తెల్ల గ్లోవ్స్ వేసుకున్న మనిషి ఆమె బ్యాగులోంచి స్టైలస్ తీశాడు. అటూ ఇటూ తిప్పి చూసి పుల్లలా విరిచేశాడు. “మా దగ్గర మౌస్ ఉందిలే.”

ఆ గ్లోవ్స్ వల్లే అతన్ని డాక్టర్ అంటారు.

కుర్చీ లాక్కుంటుంటే ఆమె కాలికి ఏదో తగిలింది. మగవాళ్ళ చెప్పుల జత. ఎడమ చెప్పు పట్టీ తీగతో బిగించి ఉంది.

“ఈయన చెప్పులు మర్చిపోయినట్టున్నారు సార్.”

“ఆయన ఫొటో రిజెక్ట్ అయింది,” అన్నాడు డాక్టర్.

ఆమె ఆ జతను జాగ్రత్తగా టేబుల్ కిందికి జరిపింది.

ఫైల్ తెరిచాడు. రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం, తెల్ల ఒంటి మీద నీలం గీత, అప్పుడే నేల విడిచింది. “ఇది పొద్దుటి ట్రిప్పులో తీసింది. నాలుగున్నరకి మళ్ళీ ఎగురుతుంది. పంతొమ్మిది మంది, అందులో మా కేసు వినబోయే జడ్జి ఒకడు. సరిగ్గా నాలుగింటికి అక్కడ మా మెకానిక్ గ్యాలరీ తెరుస్తాడు. ఫొటో ఉంటే చెయ్యాల్సింది చేస్తాడు. లేకపోతే టూల్‌బాక్స్ మూసి ఇంటికెళ్తాడు.”

ఇంత వివరంగా చెప్పాడంటే, తాను బయటికెళ్ళి ఎవరికీ చెప్పబోదని అతనికి గట్టి నమ్మకం. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. గోడ గడియారంలో మూడూ ఐదు.

ఫొటోను నూరు శాతానికి పెద్దది చేసింది. మూడో కిటికీ అద్దానికి ఒక చిన్న అరచెయ్యి ఆనించి ఉంది. నాలుగున్నర ట్రిప్పులో ఆ సీట్లో ఎవరుంటారో.

ఆమె చేతులు పని చేస్తున్నాయి, బుర్ర గోడలు తడుముతోంది. ఫొటో బాగు చేస్తే పంతొమ్మిది మంది పోతారు, తర్వాత తానూ పోతుంది. పాడు చేస్తే ఈరోజు రిజెక్టయిన వెయ్యి ఫొటోల్లో అదీ ఒకటవుతుంది. ఎవడూ తలెత్తి చూడడు. టేబుల్ కింద రెండు జతల చెప్పులు చేరతాయి, రేపు ఇంకో ఎడిటర్, ఇంకో విమానం. స్క్రీనర్ కుర్చీలోంచి లేచి నిలబడాలి. అలాంటి తప్పు ఏది?

పెళ్ళయిన ఐదోరోజు భర్త సగం భోజనంలో కంచం పక్కకు జరిపాడు. ఎవరో ఫొటోలోంచి దీపస్తంభం చెరిపేశారట. “దుమ్ముంటే మూడు ముక్కల్లో జవాబిచ్చి వదిలేస్తాం. ఉన్నదాన్ని లేకుండా చెయ్యడం తప్పు కాదు, మోసం. అలాంటిది నేరుగా ఆఫీసుకి వెళ్తుంది, అడ్రసుతో సహా,” అన్నాడు. ఆ రోజు అతన్ని బుజ్జగించి తినిపించడానికి అరగంట పట్టింది.

ఆఫీసులో బావ ఉన్నాడు.

కంట్రోల్ టవర్‌ను ఆధారంగా పెట్టుకుని ఫొటోను నిలువుగా సరిచేసింది. విమానాన్ని మధ్యకు తెచ్చి క్రాప్ చేసింది. కంటికి ఆనని మచ్చల్ని బయటపెట్టే ఈక్వలైజ్ నొక్కగానే నీలాకాశం ఎర్రగా, ఆకుపచ్చగా పేలిపోయి, దాక్కున్న దుమ్ము మచ్చలన్నీ ఉంగరాల్లా బయటపడ్డాయి. డాక్టర్ ఆమె భుజం మీంచి చూస్తున్నాడు. ఒక్కో మచ్చనూ హీలింగ్ బ్రష్‌తో తుడిచింది. పద్నాలుగు మచ్చలు. పదిహేనోది ఆకాశంలో లేదు. విమానం పొట్ట కింద, రెక్కకు వెనక, చిటికెన వేలంత యాంటెన్నా. బ్రష్ ఒక్కసారి దాని మీదుగా వెళ్ళింది.

అప్పుడే సెంటు వాసన వచ్చింది. అర నిమిషానికి మేడం వచ్చింది.

వస్తూనే ఒరిజినల్‌నూ ఎడిట్‌నూ పక్కపక్కన పెట్టించింది. ఎర్రటి గోరు పొట్ట కిందికి వెళ్ళి ఆగింది.

“ఇక్కడ ఏదో ఉండాలి కదూ?”

“దుమ్ము మేడం. లెన్స్ మార్చేటప్పుడు పడుతుంది.”

మేడం వంగి ఆమె కళ్ళద్దాల్లోకి చూసింది. చాలాసేపే చూసింది. “దుమ్మే,” అంది డాక్టర్‌తో. “నాకు కింద కొంచెం పనుంది.”

మూడూ ముప్పైకి అప్‌లోడ్ చేశారు. పాత అకౌంట్, మంచి రికార్డు, అందుకని ప్రయారిటీ క్యూ. ఇద్దరు స్క్రీనర్లు ఒప్పుకోవాలి.

మూడూ ముప్పై ఎనిమిది. మొదటి స్క్రీనర్: యాక్సెప్టెడ్.

ఆమెకు కుర్చీ కిందికి జారిపోయినట్టయింది. ఎవడీ కళ్ళు లేని మహానుభావుడు? మా ఆయన ఇంతసేపూ ఏం చేస్తున్నాడు? అసలు ఇవాళ కూర్చున్నాడా? సాయంత్రం కర్టెన్లు కొనడానికి వెళ్దామని తానే పోరు పెట్టింది.

మూడూ నలభై నాలుగు. మెయిల్. డాక్టర్ పైకి చదివాడు.

“ఈ రకం విమానానికి పొట్ట కింద యాంటెన్నా ఉంటుంది. మీరు తుడిచేశారు. ఇది పొరపాటు కాదు. అకౌంట్ శాశ్వతంగా మూసేశాం. వివరాలు ఆఫీసుకు పంపాం. వేరే హాబీ చూసుకోండి.”

ప్రాణం మీదికొచ్చిన ఆ క్షణంలోనూ ఆమెకు ఒళ్ళంతా గర్వం పాకింది. ఈ కటువుతనం లోకంలో ఒక్కరిదే.

చల్లటి తుపాకీ గొట్టం ఆమె మెడకు ఆనింది. “ఎందుకు తీశావ్?”

“మచ్చనుకున్నా సార్. మళ్ళీ పెట్టేస్తా. అప్పీల్ అని ఉందిగా, చూడండి. ఒరిజినల్ జత చేసి అప్పీల్ చేద్దాం. ఇంకా పదహారు నిమిషాలుంది.”

డాక్టర్ గడియారం చూశాడు. గొట్టం మెడ మీదే ఉంది. “చెయ్యి.”

అంత నెమ్మదిగా ఆమె జన్మలో మౌస్ కదపలేదు. మూడూ యాభైకి అప్పీల్ వెళ్ళింది. యాభై మూడుకు జవాబు వచ్చింది: “మీ అప్పీలు పరిశీలనలో ఉంది. దయచేసి పేజీ మూయకండి. మీ ఓపికకు ధన్యవాదాలు.”

దయచేసి? ధన్యవాదాలు? ఆ స్క్రీనర్లలో మర్యాద తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇది బావే. మనవాళ్ళు దారి పట్టారు.

“చూశారా సార్, పరిశీలిస్తున్నారు.”

యాభై ఏడు. గోడ అవతల మెషీన్ ఆగిపోయింది. డాక్టర్ తల తిప్పలేదు. యాభై తొమ్మిది. ఇంకో మెయిల్: “అప్పీలు తిరస్కరించడమైనది.”

ఎక్కడో ఒక మెకానిక్ ఖాళీ పేజీ చూసి టూల్‌బాక్స్ మూసుకుంటూ ఉంటాడు. ఇక్కడ డాక్టర్ వేలు బిగుసుకుంది. ఆమె కాళ్ళతో టేబుల్‌ను తన్ని కుర్చీతో సహా వెనక్కి పడింది. గుండు మానిటర్‌లోకి దూరింది. రెండో గుండుకు అవకాశం రాలేదు. గడియ బయటే ఉండటంతో పెదనాన్న మనుషులు తలుపు బద్దలుకొట్టే శ్రమ కూడా లేకుండా తీసుకుని లోపలికొచ్చారు.

“మేడం ఏదండీ?” అంది కోడలు, మెడ తడుముకుంటూ.

“డాక్టర్ కారులోనే వెళ్ళిపోయింది,” అన్నాడు పెదనాన్న. “ఒంట్లో బాగాలేదని లీవ్ లెటర్ పంపింది. మనకొకటి, వాళ్ళకొకటి.”

ఆరింటికి ఆమె ఇల్లు చేరేసరికి భర్త సోఫాలో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. కర్టెన్ల ఊసే ఎత్తలేదు.

“ఇవాళ ఒకడు యాంటెన్నా తుడిచేశాడు,” అన్నాడు. “పైగా అప్పీల్ కూడా చేశాడు. ఎంత ధైర్యం.”

“పాపం, ఏ ఇబ్బందిలో ఉన్నాడో.”

“నువ్వు మరీ మంచిదానివి. అలాంటి మనిషితో ఇంట్లోవాళ్ళు ఎలా కాపురం చేస్తారో నాకు అర్థం కాదు.”

ఆమె అతని పక్కన చేరి భుజం మీద తల పెట్టుకుంది.

“సుఖంగానే చేస్తారండీ,” అంది. “వాళ్ళకి తెలీదుగా.”