ఐదు సెకన్లకో ఊపిరి

మా పని వినడానికి చప్పగా ఉంటుంది. రోగి చేరిన మొదటిరోజు వివరాలు చూసి, ఈ మనిషి బతకడం ఎంత కష్టమో కంప్యూటర్ ఒక అంకె చెబుతుంది. తైపేలో మా పెద్దాసుపత్రి రోగుల లెక్కలతో తయారుచేశాం దాన్ని. అక్కడ బాగా చెప్పినంత మాత్రాన ఇంకో ఊళ్ళోనూ చెబుతుందని నమ్మకం ఏమిటి? అందుకని వేరే ఆసుపత్రుల పాత రికార్డులు తెప్పించి, అది చెప్పిందీ నిజంగా జరిగిందీ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఆ చూసే మనిషిని నేను. పేరు సు-చిన్, పుట్టి పెరిగింది తైపేకి దూరంగా, పల్లెల జిల్లా యున్‌లిన్‌లో.

తీరా మా ఊరి ఆసుపత్రి దగ్గరే అది బోల్తా కొట్టింది. నూటికి తొంభై పాళ్ళు పోతారన్న వాళ్ళలో నలభై ఒక్కమంది ‘ప్రాణాలతో ఇంటికి’ వెళ్ళారని రాసుంది. మా పెద్ద డాక్టరు మండిపడి, స్వయంగా వెళ్ళి తేల్చుకు రమ్మన్నాడు. నాకు నవ్వొచ్చింది. మావాళ్ళకి ఆఖరి ఊపిరి సొంత ఇంట్లోనే పోవాలి. కొసప్రాణం ఉండగానే నోట్లో గొట్టంతో అంబులెన్సు ఎక్కించి తీసుకెళ్ళిపోతారు, గుమ్మం దాటాక గొట్టం తీస్తారు. ఆసుపత్రి పుస్తకంలో మాత్రం ఆ మనిషి ప్రాణాలతో వెళ్ళినట్టే.

మూడేళ్ళ కిందట మా నాన్ననీ అలాగే తీసుకెళ్ళాను. బండిలో డ్రైవరు, నాన్న, నేను. అంతే. నోట్లో గొట్టానికి తగిలించిన రబ్బరు గాలితిత్తిని ఐదు సెకన్లకోసారి చేత్తో నొక్కాలి. వంతెన వచ్చినప్పుడల్లా పేరుపెట్టో, వరసపెట్టో పిలిచి, దాటుతున్నాం రమ్మని చెప్పాలి. లేకపోతే మనిషి అక్కడే ఆగిపోతాడంటారు. నది వంతెన మీద ఉండగా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మాట్లాడాను. పెట్టేసేసరికి వంతెన అయిపోయింది. అంతసేపూ నా రెండో చెయ్యి తిత్తి మీద ఉందో లేదో ఈరోజుకీ గుర్తు రాదు. నాన్న రొమ్ము మాత్రం ఎగిసిపడుతూనే ఉంది.

ఈ సంగతి అమ్మకి చెప్పే ధైర్యం లేకపోయింది. అమ్మ రోజూ నాన్న ఫొటో ముందు నెలవంకల్లాంటి జంట చెక్కలు నేలమీద వేసి, ఇంటికొచ్చావా అని అడుగుతుంది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని. మూడేళ్ళలో ఒక్కసారీ పడలేదు.

రికార్డుల గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. మధ్యాహ్నం రెండైంది. బయట తుఫాను వాన. లోపల చెమ్మపట్టిన కాగితాల వాసన, కిమ్ అక్క కణతలకి రాసుకున్న నొప్పుల నూనె వాసన. ఆ గది బాధ్యత ముప్పై ఏళ్ళుగా ఆవిడదే.

“రండి తైపే మేడంగారూ. మా ఊరివాళ్ళకి సరిగ్గా చావడం కూడా రాదన్నాడట మీ డాక్టరు?”

ఇద్దరం కూర్చుని ఒక్కొక్క ఫైలూ తీశాం. ఆవిడ మరణపత్రం వెతికి తేదీ చదువుతుంటే, నేను ‘ప్రాణాలతో’ అన్నచోట ‘మృతి’ అని మారుస్తూ పోయాను. మూడింటికల్లా నలభై అయ్యాయి. కంప్యూటర్ చెప్పింది అక్షరాలా నిజమే.

నలభై ఒకటోది మారలేదు.

మృతి అని కొట్టాను. మళ్ళీ ‘ప్రాణాలతో’. ఇంకోసారి కొట్టాను... అంతే. కింద కొత్త వరస ఒకటి వచ్చి చేరింది. నిమిషం గడిచాక ఇంకొకటి. తేదీ ఈరోజుది. ఊపిరి, నిమిషానికి పన్నెండు. పన్నెండు. పన్నెండు...

మా లెక్కల్లో పేర్లుండవు. కిమ్ అక్క ఫైలు తెచ్చి, తెరిచి, నావైపు జరిపింది. పైన నాన్న పేరు. అడుగున, ఇంటికి తీసుకెళ్తున్నానన్న చోట, నా సంతకం.

“తనంతట తాను పీల్చుకునే మనిషికి ఇంత లెక్కగా రాదే,” అంది గొంతు తగ్గించి. “ఎవరో తిత్తి నొక్కుతున్నారు.”

“ఎవరక్కా?”

“అప్పుడు బండిలో ఎవరున్నారు?”

ఆవిడ స్కూటరు తీసుకుని ఆ వానలోనే పరిగెత్తాను. ఆ నది వంతెన ఇవతల బండి ఆపాను. ఒక్క మనిషీ లేడు. ఏడుపు తన్నుకొచ్చింది.

“నాన్నా... నేను, సు-చిన్‌ని. వంతెన దాటుతున్నాం. నాతో రా.”

స్కూటరు వెనకవైపు కుంగింది. ఆగి... ఇంకోసారి కుంగింది.

తిరిగి చూడలేదు. వంతెన పొడుగునా పిలుస్తూనే నడిపాను. ఇంటిముందు దిగుతుంటే కిమ్ అక్క ఫోను. వరసలు ఆగిపోయాయట, మూడూ నలభైకి.

అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. తిట్టలేదు. నా తడిజుట్టు తుడిచి, చెక్కలు వేసింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మళ్ళీ వేసింది. మళ్ళీ అవునే. అమ్మ అరచేతులతో కళ్ళు ఒత్తుకుని, పిచ్చిదానిలా నవ్వింది. మూడేళ్ళ బరువు నా గుండెల మీంచి దిగిపోయింది.

తర్వాత గంజి వడ్డించింది. నాన్న ఫొటో ముందు ఒక గిన్నె, మా ఇద్దరికీ రెండు. ఇంకొక గిన్నె తెచ్చి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

“అదెవరికమ్మా?”

“అదేమిటే, నీతో వచ్చినావిడకి. నువ్వు వదిలేస్తే తను అందుకుందట, పాపం. ఆ వేళ్ళు చూడు, ఎలా వాచిపోయాయో.”

కుర్చీలో ఎవరూ లేరు.

అమ్మ దగ్గింది. దగ్గు ఆగాక వినిపించింది... రబ్బరు తిత్తి నొక్కి వదిలిన చప్పుడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఐదు సెకన్లకి ఒకటి.

అమ్మ కుర్చీ వెనకనుంచి వస్తోంది. ఆ లెక్కకే అమ్మ రొమ్ము ఎగిసిపడుతోంది.