బాసు నొక్కిపెట్టిన నంబరు

"ఏసీ మెకానిక్ వేషంలో వెళ్తావు. ఆ హోటల్ మేనేజరు ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. 'వదినా' అని పిలువు, ఆవిడకి అర్థమవుతుంది. మిగతాది ఫోన్లో చెప్తా," అన్నాడు బాసు, డైరీ మూసి కోటు జేబులో దాచుకుంటూ.

ఈ 'మిగతాది' ఏనాడూ సమయానికి రాదని ఏజెంట్ పిల్లికి తెలుసు. ఆరేళ్ల సర్వీసులో అతను సంపాదించుకున్నది రెండు బుల్లెట్ గాయాలు, ఒక అల్సర్. బుల్లెట్లు శత్రువులవి. అల్సర్ మాత్రం ఈ మహానుభావుడి చలవ. తనకు తెలిసింది పక్కవాడికి తెలిస్తే తన కాళ్ల కిందికి నీళ్లొస్తాయని ఆయనకు ఒకటే గుబులు.

రెండు రోజుల తర్వాత, ఉదయం పది యాభై. పై అంతస్తు కాన్ఫరెన్స్ హాల్లో మూడొందల మంది సైంటిస్టులున్నారు. కింద తన గదిలో నల్ల గౌను, ముత్యాల దండతో మేనేజరు కూర్చుని ఉంది.

"వదినా, ఏసీ సర్వీసుకొచ్చా."

పెన్ను పిస్తోలు ఒకటి అతని డొక్కలో గుచ్చుకుంది.

"కోడ్ నిన్ననే 'పిన్నీ' అని మారింది. 'వదినా' అన్నవాణ్ణి కాల్చేయమని బాసే చెప్పాడు. ఎవడ్రా నువ్వు?"

"మారిందా? ఛీ! నాకొక్క ముక్క చెప్పలేదు!"

ఆమె అతని మొహంలోకి చూసింది. అక్కడ భయం లేదు, ఒట్టి రోత. ముఠా నాయకుడి కింద పనిచేసే ఆమెకు ఆ రోత బాగా తెలుసు. పిస్తోలు దించేసింది.

"విషవాయువు సిలిండర్ ఏసీ డక్టులో ఉంది. పదకొండుకి తెరుచుకుంటుంది. హాలు తలుపులకు ముఠావాళ్ల కాపలా. సిలిండర్ని ఆపే నంబరు వాళ్ల రహస్య లిపిలో ఉంటే, చదవడం రాక నిన్న మీ బాసుకే పంపా. తెచ్చావుగా?"

నంబరు ఒకటుందనే పిల్లికి తెలియదు.

డక్టులోకి పాకేసరికి టైమర్లో తొంభై సెకన్లున్నాయి. కాలర్ మైకులో బాసును పిలిచాడు.

"సార్, నంబరు!"

"ముట్టుకోకు. నేనే వస్తున్నా. ట్రాఫిక్‌లో ఉన్నా."

"మూడొందల ప్రాణాలు సార్!"

"ప్రొసీజర్ అంటూ ఒకటుందయ్యా."

పిల్లికి వాంతి వచ్చినంత పనైంది. కానీ ఆ గొంతులో ఒక వణుకు కూడా వినిపించింది. తాను లేకుండానే పని జరిగిపోతుందేమోనన్న భయం అది. పిల్లి బతిమాలడం మానేశాడు.

"మీకు శ్రమ వద్దులెండి. కొత్త ట్రైనీ అమ్మాయి కనిపెట్టేసింది. నాలుగు, ఏడు, రెండు. నొక్కేస్తున్నా."

"రెండా? దాని మొహం! తొమ్మిది! నాలుగు, ఏడు, తొమ్మిది! ఎవరైనా నా దగ్గర నేర్చుకోవాల్సిందే..."

పిల్లి నొక్కాడు. టైమరు ఒకటి దగ్గర ఆగిపోయింది.

"ఎవరా ట్రైనీ?" అని కిందనుంచి అడిగింది ఆమె.

"మా ఆఫీసులో ట్రైనీలు నిలవరు పిన్నీ."

నెల తిరక్కుండా బాసుకు పతకం వచ్చింది. 'సహోద్యోగికి సకాలంలో సమాచారం అందించినందుకు' అని మైకులో చదివారు. పిల్లి అందరితోపాటు చప్పట్లు కొట్టి, బయటికొచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.