గడప బయట బూట్లు

విక్లో కొండల మీద, నడకదారి వంపు తిరిగే చోట, కప్పు సగం కూలిన రాతి ఇల్లు ఒకటుంది. దాని పేరెత్తితే అక్కడివాళ్ళు మాట మార్చేస్తారు. పూర్వం ఓ మంచుకాలంలో ఒక బాటసారి తలదాచుకుంటానని వస్తే, ఆ ఇంటివాడు అతని బూట్ల మీద ఆశపడి పారతో తల పగలగొట్టాడట. అంతటితో ఆగాడా? ఆ బూట్లే తొడుక్కుని బాటసారి ఊరికి నడిచి వెళ్ళి, తలుపు తీసిన అతని భార్యని కూడా అదే పారతో...

ఈమధ్య అక్కడ జరిగింది మాత్రం నేను చూడలేదు. వెళ్ళొచ్చిన ఆశిష్ చెప్పాడు. అతనితో వెళ్ళిన మహీధర్‌ని అడుగుదామంటే, అతను ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు.

అవి లాక్‌డౌన్ రోజులు. ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటకూడదు, ఒకరింటికి ఒకరు వెళ్ళకూడదు; కాదంటే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఊరుకోరు. నేస్ అనే ఊళ్ళో కాపురముండే ఈ సాఫ్ట్‌వేర్ మహానుభావులిద్దరికీ ఇంట్లో కూర్చుని పిచ్చెక్కింది. మహీధర్ ఆన్‌లైన్లో స్నోషూలు తెప్పించాడు — మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే చేటల్లాంటివి.

“గార్డులు పట్టుకుంటే ఫైన్ వేస్తారు, మహీ. నన్నొక్కదాన్నే వదిలి ఎందుకు చెప్పు?” అంది అతని భార్య నీలిమ. ఆమెకి ఆరో నెల.

“చీకటి పడేలోపు వచ్చేస్తా నీలూ. తలుపేసుకో.”

పక్కింటి మేరీ గోడ మీంచి ఒకటే మాట అంది. “ఆ ఇంట్లోకి వెళ్ళొద్దు. వెళ్ళినా... బూట్లు మాత్రం విప్పొద్దు.” ఇద్దరూ నవ్వుకుంటూ కారెక్కారు.

కొండెక్కాక గాలి లేచింది. మంచు మొహాన కొడుతోంది, దారి కనబడటం లేదు. కనబడిందల్లా ఆ రాతి ఇల్లే. మంచుని తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు.

లోపల గోడ గూట్లో మేరీమాత బొమ్మ, దుమ్ము పట్టి ఉంది. అంతే, మహీధర్ గడప బయటే వంగి స్నోషూలతో సహా బూట్లు విప్పేశాడు.

“ఏం చేస్తున్నవ్ రా?” గుసగుసగా అన్నాడు ఆశిష్.

“దేవుడి ముందుకి బూట్లతో ఎలా వెళ్తాంరా?” అమ్మ నేర్పిన అలవాటు. పక్కింటి మేరీ మాట గుర్తే లేదు.

ఆశిష్ విప్పలేదు. అతను గడప దాటాడో లేదో — ధన్!

తన మోచేతి దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఆశిష్‌కే వినిపించింది. చీకట్లోంచి పార అంచు ఒకటే లేస్తోంది, పడుతోంది... పట్టుకున్నవాడు లేడు. రెండో దెబ్బకి గూట్లో బొమ్మ పగిలింది. మూడో దెబ్బకి, వెనకే లోపలికొచ్చిన మహీధర్ చెవి తెగి వేలాడింది. మళ్ళీ లేచింది పార. ఇద్దరూ అరుస్తూ, పడుతూ, పాకుతూ బయటపడ్డారు. వెనక మంచంతా ఎర్రటి మరకలు.

గడప బయట బూట్లు లేవు.

చేటల్లాంటి అచ్చులు మాత్రం ఉన్నాయి. కొత్తవి... కొండ కిందికి వెళ్తున్నాయి. మహీధర్ తడిసిన సాక్సులతోనే పరిగెత్తాడు. ఆ అచ్చులు కారు పక్కనుంచి సాగి, నేస్ రోడ్డెక్కాయి.

“గార్డులకి ఫోన్ చేద్దాం రా,” అన్నాడు ఆశిష్.

“ముందు నీలిమకి.” మహీధర్ ఫోన్ తీశాడు. స్పీకర్లో పెట్టాడు.

రింగవుతోంది... అవుతోంది...

“ఏంటి మహీ, ఇంట్లోనే ఉండి ఫోన్ చేస్తావు?” నిద్రమత్తు గొంతు. “ఎప్పుడొచ్చావ్? నీ బూట్లు గడప బయట చూసి వచ్చేశావనుకున్నా. మెట్లన్నీ తడి చేశావు.”

“నీలూ... నేనింకా కొండ దగ్గరే ఉన్నా. బయటికి పరిగెత్తు. ఇప్పుడే!”

“జోకులు చాలు. పైనుంచి దిగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఉండు, లైటేస్తా...”

స్విచ్ నొక్కిన చప్పుడు.

“మహీ... చేతిలో ఆ పార ఎందుకు?”