రాయి పెట్టిన చెయ్యి

ఆ కాలానికి రోడ్డు మీద గుంత అనేది ముసలివాళ్ల నోటి మాటగానే మిగిలింది. నల్లమల అంచున అచ్చంపేట దారిలో బండ్లు వాటంతటవే పోయేవి. డ్రైవరు కాళ్లు చాపుకుని నిద్రపోయినా, పక్కన పెట్టిన గ్లాసులో టీ తొణికేది కాదు.

వెనకటికి రోడ్డు వేయడమంటే పెద్ద తతంగం. పాతది గీకి, దుమ్ము ఊడ్చి, జిగురు తారు చల్లి, తారూ కంకరా కలిపిన పొగలు కక్కే మాలు పరిచి, అంచు నుంచి నడిమికి రోలర్ తిప్పాలి. ఇందులో ఒక్కటి ఎగ్గొట్టినా మొదటి వానకే లేచిపోయేది. ఎగ్గొట్టనివాడు పుట్టలేదు కనక ప్రతి వానకూ లేచిపోయేది. మనుషులను బాగుచేయడం కన్నా తారును బాగుచేయడం తేలికని డాక్టర్ నీరజాక్షి అనుకుంది. ఆమె కనిపెట్టినది స్వయంపూరక తారు. జనం దాన్ని మానే తారు అన్నారు. అందులో కలిపిన కార్బన్ రేణువులు కరెంటు పారితే వేడెక్కుతాయి. ఆ వేడికి తారు మెత్తబడి, చుట్టుపక్కల నుంచి పాకివచ్చి పగులును కప్పేస్తుంది. అడుగున పరిచిన సెన్సర్ల వల పేరు దారిమెదడు.

ఎక్కడ మానాలో దానికి ఎవరు చెప్పాలి? అందుకు ఆమె పాలమూరు కూలీల పాత అలవాటును అరువు తెచ్చుకుంది. వాళ్లు పచ్చి అతుకు చుట్టూ రాళ్లు పేర్చి పోయేవారు. రాయి పెట్టిన చెయ్యే దాన్ని తీయాలి, ఇంకొకరు తీస్తే అతుకు నిలవదని వాళ్ల నమ్మకం. దారిమెదడుకు అదే నేర్పి, దారి పొడవునా రాళ్ల కుప్పలు పోయించింది. పగులు చూసినవాళ్లు దిగి ఒక రాయి పెడితే చాలు. వెనక వచ్చే బండ్లు పక్కకు తప్పుకుంటాయి, తారు పని మొదలుపెడుతుంది. పెట్టినవాడికి దారి గొంతు వినిపిస్తుంది: "రాయి అందింది. మీ బాధ్యత తీరింది."

ఆ మాట చెవిన పడటం కోసమే బండి ఆపేవాళ్లు కూడా ఉండేవారు.

అలాంటి దారిలో ఒక్కచోట గుంత పడింది. పూడ్చితే మళ్లీ పడింది. పొడవు ఒక మనిషంత. భుజాల దగ్గర వెడల్పు, పాదాల దగ్గర సన్నం.

గొర్రెల కాపరి కుర్మయ్య శవం దొరికింది అక్కడే. ఏదో బండి గుద్దిపోయింది. వీపు తారులో కూరుకుపోతే చుట్టూ తారును రంపంతో కోసి తీశారు. అక్కడికక్కడే ప్రాణం పోయిందని అతని భార్య చిట్టెమ్మకు చెప్పారు. ఆమె నమ్మలేదు. రోజూ వచ్చి ఆ గుంత పక్కనే కూచుంటోంది.

మిట్టమధ్యాహ్నం నీరజాక్షి వచ్చేసరికి మేస్త్రి శరభయ్య గొడుగు కింద ఎదురుచూస్తున్నాడు.

"ఎన్నిమార్లు పూడ్చినా తెల్లారేవరకు గుంతనే మేడం. పోసిన మాలంత మింగుతున్నది."

"జిగురు తారు చల్లకుండా పోసుంటారు."

"అంటరు మేడం, అంటరు. మీ తారుకు దయ్యం పట్టినా దొంగలం మేమే."

"మీ పంచాయితీ ఆపుండ్రి," అంది చిట్టెమ్మ. "అది మాట్లాడ్తదంట గద. నా మొగడు ఎట్ల పోయిండో దాన్నే అడుగుండ్రి."

నీరజాక్షి దారిమెదడుతో మాట్లాడే పలుకుపెట్టె తెరిచింది. "ఇక్కడ పూడ్చాం కదా. మళ్లీ ఎందుకు తవ్వుకుంటున్నావు?"

"పని ముగియలేదు. రాళ్లు తీయలేదు," అంది దారి.

"ఎప్పుడో తీసేశాం."

"తీసినవాళ్లు పెట్టినవాళ్లు కారు. అడుగుల బరువు వేరు."

"ఎవడు పెట్టిండు?" శరభయ్య గొంతు తగ్గింది.

"ఒక్కరు కాదు. ఆ రోజు పొద్దుటి నుంచి చాలా బండ్లు ఆగాయి. దిగినవాళ్లు తలా ఒక రాయి పెట్టి వెళ్లారు. గాయమనుకుని నేను పూడ్చాను."

చిట్టెమ్మ పెట్టె మీదికి వంగింది. "అప్పటికి బతికే ఉన్నడా?"

"బతకడమంటే ఏమిటో నాకు నేర్పలేదు. బరువు తెలుసు. ఆ బరువు సాయంత్రం దాకా కదిలింది. ఎవరైనా రాయి పెట్టినప్పుడల్లా వాళ్ల వైపు జరిగింది."

ఎండలో తారు వాసన గుప్పుమంది. గాలికి కుప్ప మీది దుమ్ము లేచి పడింది.

"వాళ్లందర్నీ పిలువు," అంది చిట్టెమ్మ.

"ఆ రోజు నుంచీ పిలుస్తున్నాను. బాధ్యత తీరిందని నువ్వే అన్నావు కదా అంటున్నారు."

చిట్టెమ్మ లేచి చెప్పులు విడిచింది. గుంతలోకి దిగి, భర్త తల ఆనిన చోట కూచుంది. "వాళ్లొచ్చి తియ్యాలె. అందాక నేను లేవ."

అంతలో మలుపులో కంకర లారీ కనిపించింది. లోపల డ్రైవరు తల వాల్చి నిద్రపోతున్నాడు. రాయి లేనిచోట లారీకి గుంత లెక్కలో లేదు, మనిషి అసలే లెక్కలో లేదు.

"లేవండమ్మా!" నీరజాక్షి అరిచింది. చిట్టెమ్మ కదల్లేదు. నీరజాక్షి కుప్ప దగ్గరికి ఉరికి, రాయి తెచ్చి గుంత అంచున పెట్టింది. శరభయ్య ఇంకొకటి పెట్టాడు. లారీ కీచుమంటూ పక్కకు తప్పుకుని ఆగింది. డ్రైవరు కళ్లు నులుముకుంటూ దిగి, గుంతలోని ఆడమనిషిని చూసి, ఏమీ అడక్కుండా తన వంతు రాయి పెట్టాడు. "పైలం అమ్మా," అని మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు.

నీరజాక్షి చేతులకంటిన దుమ్ము దులుపుకుంది. పెట్టెలో దారి మెల్లగా పలికింది: "రాయి అందింది. మీ బాధ్యత తీరింది."

ఆ వాక్యం రాసింది తనే. అది ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. కళ్లు మూసుకుంది.

"అమ్మా," చిట్టెమ్మ చెయ్యి చాపింది. "కాళ్ల కింద కాల్తున్నది. మెత్తగ దిగబడుతున్న. జర చెయ్యిచ్చి లేపుండ్రి."

శరభయ్య గబగబా ఇంకో రాయి కోసం కుప్ప దగ్గరికి పరుగెత్తాడు.