డైరెక్టరు మాట

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డెక్కి ఉండటంతో ఊళ్లో మగవాళ్లెవరూ పొద్దెక్కేదాకా లేవడం లేదు. దాలయ్య మాత్రం ఆ వేళ చీకటితోనే లేచి, తన బోటును సముద్రపు నీళ్లతో కడిగి, దాని ముక్కుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి వచ్చాడు. పొయ్యి దగ్గర ఎండు నెత్తళ్ల పులుసు కలుపుతున్న బుల్లమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసి నవ్వింది.

“మన పెళ్లికి కూడా నువ్వింత ముస్తాబు సేసుకోలేదు,” అంది.

“మన పెళ్లి ఎవుడు సూసాడే? మన బోటుని దేశమంతా సూస్తాది.”

అది వట్టి బడాయి కాదు. వాళ్ల కొడుకు వినోద్ రెండేళ్ల కిందట ఊరివాళ్లనే పెట్టి చిన్న సినిమా ఒకటి తీశాడు. అది విజయనగరంలో వారం ఆడి వెళ్లిపోయింది గానీ, పేపర్లవాళ్లు తెగ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎక్కడెక్కడ తిరిగిందో, హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ చెవిన పడింది. రెండు భాగాలుగా వచ్చి థియేటర్లను జాతర చేసిన సినిమాకు మూడో భాగం నువ్వే తియ్యాలని పిలిచి మరీ కూర్చోబెట్టారు. ముక్కూ మొహం తెలియని కుర్రాడికి అంత సినిమానా అని అక్కడి వాళ్లంతా నోరెళ్లబెట్టారట. బుల్లమ్మకు మాత్రం అందులో వింతేమీ కనపడలేదు. చీపురుపల్లి సంతలో ఎండు చేపలు అమ్ముతూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ “మా వోడే డైరెట్రు” అని చెప్పుకొచ్చింది. ఇప్పుడా షూటింగు ఏకంగా వాళ్ల ఒడ్డుకే వచ్చింది.

వినోద్ భోజనానికి కూర్చోగానే దాలయ్య వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

“ఒరే వినోదూ, అద్దె నాకొద్దు. ఒక్కటే మాట. సెప్పులతో ఎవుడూ బోటెక్కకూడదు. గంగమ్మ తల్లి ఒడి అది. ఇంజను బాగుసేసీవోడు కూడా ఇప్పీసే ఎక్కుతాడు.”

“సెప్తాను నాన్నా,” అన్నాడు వినోద్, కంచంలోంచి తలెత్తకుండా.

చెప్తానన్నాడే గానీ, ఎక్కనివ్వనని అనలేదు. ఆ తేడా అప్పుడు బుల్లమ్మకు తట్టలేదు. కోడలు అనూరాధ మొగుడి వైపు చూసిన చూపు కంటపడింది గానీ, ఆలుమగల చూపులతో మనకేం పనని ఊరుకుంది.

ఒడ్డున ఇసకేస్తే రాలనంత జనం. వ్యాన్ల నీడలో ఆడవాళ్ల మధ్య కూర్చున్న బుల్లమ్మ కళ్లు కొడుకు మీదే ఉన్నాయి. వెనక పేరు రాసిన కుర్చీలో, ఒక చిన్న టీవీ ముందు కూర్చున్నాడు వినోద్. మొదటి సినిమా తీసినప్పుడు వీడు ఇదే ఇసుకలో కాళ్లకు జోడైనా లేకుండా పరుగెత్తేవాడు. గొంతు పోయేలా అరిచేవాడు. కన్నతండ్రి అని కూడా చూడకుండా “మళ్లీ నడు నాన్నా” అంటూ ఎండలో తిప్పించేవాడు. ఇప్పుడు అరుపులన్నీ ఫైటు మాస్టరువే. కెమెరావాళ్లు ఆయన్నే అడుగుతున్నారు, లైట్లవాళ్లు ఆయన మాటే వింటున్నారు. అందరూ కుర్చీని తప్పుకుని అటూ ఇటూ పోతున్నారు తప్ప, కుర్చీలో ఉన్న మనిషితో ఎవరికీ పని ఉన్నట్టు లేదు.

హీరో బండిలోంచి దిగాడు. మోకాళ్ల దాకా నల్లటి బూట్లు. జనం ఈలలు వేశారు. రెండు భాగాల్లోనూ ఆ బూటు తెర మీద ధన్‌మని పడగానే అభిమానులు కాగితాలు ఎగరేసేవారు. మూడో భాగంలో ఆ బూటు పడవలసిన చోటు దాలయ్య బోటు ముక్కు.

బోటు పక్కనే నిలబడ్డ దాలయ్య కొడుకు వైపు చూశాడు. వినోద్ లేచాడు. ఫైటు మాస్టరు దగ్గరికి వెళ్లి ఏదో అన్నాడు. ఆయన చెయ్యి విదిలించాడు. హీరో మేనేజరు దగ్గరికి వెళ్లి, నడుం వంచి చెప్పుకున్నాడు. ఆ మేనేజరు ఎవరికో ఫోను చేసి, తల అడ్డంగా ఊపాడు. వినోద్ తండ్రి వైపు చూడకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“నీ కొడుకే గదేటి డైరెట్రు? ఆ మాత్రం సెప్పలేడేటి?” అన్నాడు ఆడవాళ్ల వెనక నిలబడ్డ పక్కింటి ఎల్లాజీ.

“సెప్తాడు, ఉండు,” అంది బుల్లమ్మ.

అంతలో ఒడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఫైటు మాస్టరుతో సహా అందరూ వినోద్ వైపు తిరిగారు. ఆ సినిమాలో వాడి నోటికి వదిలిన మాట ఒక్కటే.

“యాక్షన్,” అన్నాడు వినోద్.

పసుపూ కుంకుమా బూటు కింద నలిగాయి. సరిగ్గా రాలేదన్నారు, మళ్లీ పడింది. మళ్లీ పడింది. దాలయ్య తలపాగా విప్పి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. వెలుగు తగ్గిపోయింది, మిగతాది రేపు తీద్దామని మైకులో ఎవరో చెప్పారు.

సాయంత్రం వినోద్ వచ్చేసరికి దాలయ్య అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

“రేపు బోటు లేదు. సెప్పీయ్ మీవోళ్లకి.”

“నేను సెప్పాను నాన్నా. ఎవుడూ ఇన్లేదు.”

“ఇన్లేదు, సరే. మరా మాటన్నదెవుడు? నువ్వు కాదేటి?”

“నేననకపోతే ఇంకొకడు అంటాడు.”

“అననీ. ఎవుడో అంటే నానేటీ బాధపడను. నా కొడుకన్నాడు. అదే తినీస్తన్నాది నన్ను.”

వినోద్ అరుగు అంచున కూలబడ్డాడు. “తీసీయ్ నాన్నా బోటు. నేనూ ఎలిపోతాను, ఈ సినిమా వద్దు.”

గుమ్మంలో నిలబడ్డ అనూరాధ ఇక ఆగలేకపోయింది.

“వెళ్లిపోతే ఈయనకింక ఎవరూ సినిమా ఇవ్వరు మావయ్యా. ఆ కుర్చీలోకి ఇంకొకణ్ణి ఇప్పటికే చూసి పెట్టుకున్నారు. ఫైట్లు ఈయన చేతిలో లేవు, పాటలు లేవు. తీసింది ఎలా అతుకుతున్నారో చూపించను కూడా చూపించరు. పేరున్న డైరెక్టరైతే ఎదురు చెప్తాడు కదా, చెప్పలేనివాడు కావాలనే ఈయన్ని పిలిచారు. సంతకం పెట్టాక గానీ మాకు తెలిసిరాలేదు. హైదరాబాద్‌లో రోజూ ఇంటికొచ్చి, నాకు వినపడకూడదని కుళాయి తిప్పుకుని ఏడుస్తాడు.”

సంతలో ఇన్నాళ్లూ తను అమ్మిన గొప్పలన్నీ బుల్లమ్మ గొంతుకే అడ్డం పడినట్టయింది.

దాలయ్య మాత్రం మెత్తబడలేదు. “పేరు గొప్ప, ఊరు దిబ్బ. డైరెట్రంటే సినిమా నడిపీవోడు. నడపలేనోడు ఆ కుర్చీలో కూకోకూడదు.”

అంతసేపూ మొగుడికీ కొడుకుకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగిన బుల్లమ్మ అప్పుడు నోరు విప్పింది.

“నువ్వు గుజరాతులో సేటు బోటు నడిపీవోడివి కాదేటి?”

దాలయ్య ఇటు తిరిగాడు.

“ఈడు నా కడుపులో ఉండగా ఎల్లినావు. పురిట్లో సచ్చి బతికినానని కబురెడితే, సేటు వైర్‌లెస్‌లో వేట అవలేదన్నాడని నువ్వు రాలేదు. ఈడు బోర్లా పడ్డాక సూసావు ఈడి మొకం. చుక్కాని నీ సేతిలోనే ఉన్నాది గదా. ఇంటికేసి తిప్పగలిగావేటి?”

ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ మాట ఎన్నడూ అనలేదు, అనాలని అనుకోనూ లేదు. నోరు జారాక తనే బిత్తరపోయింది. దాలయ్య పెళ్లాం వంక చూశాడు, కొడుకు వంక చూశాడు. లేచి సముద్రం వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు అందరికంటే ముందు బోటు దగ్గర ఉన్నది దాలయ్యే. ఈసారి పసుపు రాయలేదు. నీళ్ల ఒడ్డున కొబ్బరికాయ కొట్టి, చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డాడు. బోటు ఇస్తున్నావేటని ఎల్లాజీ ఎత్తిపొడిస్తే, కొబ్బరి చిప్ప ఒకటి అతని చేతిలో పెట్టాడు.

హీరో బోటెక్కాడు. జనం నోళ్లు మూసుకున్నారు. వినోద్ ఈసారి తండ్రి వైపే చూస్తున్నాడు. మాట మాత్రం రావడం లేదు.

“సార్, చెప్పండి సార్,” అన్నాడు ఫైటు మాస్టరు విసుగ్గా. మేనేజరు అప్పుడే ఫోను తీశాడు. ఆ ఫోను ఎందుకో బుల్లమ్మకు ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

దాలయ్య బోటును వదిలేసి, ఊరంతా చూస్తుండగా ఇసుకలో నడుచుకుంటూ వచ్చి, కొడుకు కుర్చీ వెనక నిలబడ్డాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

“అనీయ్ నాన్నా. గంగమ్మ తల్లికి నాను సెప్పుకున్నాను. నీదేటీ తప్పు లేదని సెప్పుకున్నాను. అనీయ్.”

వినోద్ ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. కళ్ల నిండా నీళ్లతో ఆ చిన్న టీవీలో ఏం కనిపించిందో వాడికే తెలియాలి.

“యాక్షన్.”

బూటు పడింది. దాలయ్య ఉలిక్కిపడ్డాడు గానీ చెయ్యి కదల్లేదు. బుల్లమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“బాగోలేదు, ఇంకోసారి,” అని అరిచాడు ఫైటు మాస్టరు.

“అనీయ్ నాన్నా,” అన్నాడు దాలయ్య.